అప్‌డేట్: కేసు గెలిచాను, ఖర్చులు నెత్తిన పడ్డాయి

బర్మింగ్‌హామ్‌లో మా ఇంటి వెనక గది కట్టిన బిల్డర్ మీద 18,000 పౌండ్లకు దావా వేశాను, అతను 12,000 ఇస్తానని పార్ట్ 36 ఆఫర్ (కోర్టు నిబంధనల ప్రకారం పంపే రాజీ ప్రతిపాదన; కాదన్నాక తీర్పులో అంతకన్నా ఎక్కువ రాకపోతే ఖర్చులు మన మీద పడతాయి) పంపాడు, ఒప్పుకోవాలా అని అడిగాను గుర్తుందా? ఒప్పుకోలేదు. పౌరుషం మరి.

తీర్పులో వచ్చింది 11,400. గెలిచానని సంబరపడుతుంటే అతని లాయరు ఫైల్లోంచి ఆ పాత ఉత్తరం తీసి జడ్జికిచ్చాడు. తీర్పు చెప్పేదాకా ఆఫర్ సంగతి ఆయనకు తెలియకూడదట! ఆఫర్‌కిచ్చిన 21 రోజుల గడువు దాకా నా ఖర్చులు బిల్డరే కట్టాలి. ఆ తర్వాత నావి నేనే భరించాలి, పైగా కోర్టు లెక్కగట్టిన మేరకు అతని లాయరు ఫీజు కూడా. 600 పౌండ్లు తగ్గినందుకు!

మిగిలిన డబ్బు కారుతున్న పైకప్పుకే చాలదు. బకెట్ ఇంకా అక్కడే ఉంది.