ఇరవందమా, ఇరవొందమా?

గరికపోచ:
నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డినేలల మీద బడిపిల్లలకు గోడపత్రిక రాస్తున్నాం. పైన పోతన భాగవతంలోని పాదం పెట్టాలని నా కోరిక. "దండన్ లేఁగలు నీరు ద్రావి..." తర్వాత "యిరవందం బచ్చికల్" అనా, "యిరవొందం" అనా? ఎటూ తేలడం లేదు.

సీసమాల:
ఇరవందమే. కృష్ణుడు, గోపబాలురు చల్దులు తినే ఘట్టం, "ఎండన్ మ్రగ్గితి" అని మొదలయ్యే శార్దూల పద్యం. అనుమానం దేనికి?

నల్లరేగడి:
అనుమానానికి చోటుంది మాస్టారూ. యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, పదమూడో అక్షరం "దం". దాని ముందున్నది వం అయినా వొం అయినా గురువే (బరువుగా పలికే అక్షరం), ఛందస్సు తీర్పు చెప్పదు. ఇరవొందడం అంటే చోటు కుదిరి నిలవడం. నీళ్లు తాగిన లేగలకు అదే తగును. మా తాతగారు వొం అనే చదివేవారు.

సీసమాల:
చదివే అలవాటు వేరు, పాఠం వేరు. నా ప్రతిలో వందం. అసలు అందం "నీరు ద్రావి"లో ఉంది. ద్రా ముందు "రు" తేల్చి, గురువు కాకుండా లఘువుగా పలికితేనే జగణం (లఘువు, గురువు, లఘువు) నిలుస్తుంది. పోతన చెవి అలాంటిది!

కృష్ణజింక:
ఏ పాఠమైనా ఆ పత్రికకు ఈ పాదం వద్దండీ. పచ్చిక అనగానే పిల్లలు ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలనుకుంటారు. అక్కడి గడ్డి వానలకు లేచి, చలికాలానికి పండిపోతుంది. అది చూసి పెద్దవాళ్లే "ఖాళీగా ఉంది, మొక్కలు నాటండి" అంటున్నారు. 1988లో దాన్ని అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం. అది బయళ్ల పక్షి, పెట్టేది సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేలమీద. చుట్టూ చెట్లు కమ్మితే అక్కడ ఉండదు. కొన్నేళ్లుగా జాడే లేదు, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

గరికపోచ:
అందుకే లేగలున్న పాదం కావాలి. గడ్డినేలను ఆక్రమించే సర్కారు తుమ్మను నరికితే మోడు మళ్లీ గుబురుగా చిగురిస్తుంది, వేరుమొదలుతో పెకలించాలి. తర్వాత గడ్డి గింజ రాలేదాకా మేత ఆపాలి. అలాగని ఎప్పటికీ ఆపేస్తే గడ్డి దుబ్బులై కమ్మేస్తుంది. వంతులవారీగా పశువులు మేయాలి. ఇది పిల్లలకు ఒక్క పాదంలో పోతనే చెప్పగలడు.

నల్లరేగడి:
అయితే శీర్షికలో "బీడు" అని రాయండి. మా వైపు బీడంటే పసులు మేసే చోటు, పనికిరాని నేల కాదు.

కృష్ణజింక:
రెవెన్యూ కాగితాల్లో బీడు, బంజరు ఒక్క గాటనే కడతారు. గడ్డినేల అనే ఉంచండి.

సీసమాల:
శీర్షిక మీ ఇష్టం, వందం మాత్రం మార్చకండి. నల్లరేగడి గారూ, అదే ఘట్టంలోని సీసపద్యం "మాటిమాటికి వ్రేలు మడిచి"లో వ్రే ముందు "కి" కూడా తేల్చాల్సిందేగా? గురువు చేస్తే సీసానికి కావాల్సిన ఇంద్రగణం చెడుతుంది. తాతగారు దాన్నెలా చదివేవారు?