అప్‌డేట్: క్యోటోలో రెండు నెలలు ఉండి హన్మకొండకు వచ్చేశాను

మేలో అడిగాను కదా, వేసవికి జపాన్ వెళ్తున్నాను, చేప, మాంసం ముట్టను, శనివారం ఒక్కపొద్దు ఉంటాను, ఎట్లా నెట్టుకురావాలి అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తిండి టెన్షన్ నిజమే. కూరగాయల సూప్ అన్నా సరే, దానికి ఆధారం దాషి అనే రసం, అది చాలాచోట్ల ఎండబెట్టిన చేప తురుముతో కాచిందే. నేను ఉన్న ఇంటి పెద్దావిడ నా కోసం కొంబు అనే సముద్రపు నాచును రాత్రే నీళ్లలో నానబెట్టి, పొద్దున ఆ నీళ్లతోనే మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ చేసేది. అక్కడి బౌద్ధ గుళ్లలో షోజిన్ ర్యోరి అనే శాకాహార భోజనం దొరుకుతుంది, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మన వ్రతం వంట లాగే. నేను తీసుకెళ్లిన సకినాలు ఆమెకు ఎంత నచ్చాయో!

మరిచిపోలేనిది మాత్రం ఆగస్టు 16. ఓబోన్ అంటే వాళ్ల పెద్దల పండుగ; అప్పుడు ఇంటికొచ్చారని నమ్మే చనిపోయిన పెద్దలను సాగనంపడానికి రాత్రి 8 గంటలకు కొండ మీద 'పెద్ద' అనే అర్థమున్న అక్షరం ఆకారంలో మంటలు వెలిగిస్తారు. ఆ పెద్దావిడ చేతులు జోడించి, పెదాలు మాత్రమే కదిలిస్తూ చాలాసేపు నిలబడింది. పెత్రమాసకు తాతయ్య పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు మా నాయనమ్మ కూడా అచ్చం అట్లాగే నిలబడుతుంది. నాకు ఏడుపొచ్చింది.

ఈసారి పెత్రమాసకు క్యోటో పెద్దావిడకు వీడియో కాల్ చేస్తానని మాటిచ్చాను, నాయనమ్మ కూడా సరే అంది.