కరెంటు స్ప్రేయర్‌తో ఇనప గేటుకి ఎనామెల్: ఈ ఎండల్లో ఎట్ట కొట్టాలి?

ఒంగోలు_గేటుపని:
నమస్కారం అండీ. చేత్తో పట్టుకుని కొట్టే కరెంటు స్ప్రేయర్ తీసుకున్నాం. 600 వాట్లు, మోటారు గన్‌లోనే ఉంది, 800 మిల్లీలీటర్ల కప్పు. 1.8, 2.5 మిల్లీమీటర్ల నాజిళ్లు రెండిచ్చారు. ఇల్లు కొత్తపట్నం వైపు, ఉప్పుగాలి ఎక్కువ. రేకు గేటు 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. కింద అంచుల్లో తుప్పు పట్టింది, పాత ఎనామెల్ అక్కడక్కడా పెచ్చులు లేచింది. దాంతో పాటు రెండు కిటికీ గ్రిల్స్, రోడ్డు వైపు ప్రహరీ గోడ కూడా ఉన్నాయి.

రంగుల షాపులో రెడ్ ఆక్సైడ్ జింక్ క్రోమేట్ ప్రైమర్ ఇచ్చి, ఎనామెల్‌లో ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగుల్ని పలచన చేసేది) కలిపితే తొందరగా ఆరుద్దని చెప్పారు. ఈ మిషన్‌లో అది పోయొచ్చా? ఎంత పలచన చెయ్యాలి, ఎంత దూరం నుంచి కొట్టాలి? నీళ్లు పోసి చూస్తే మధ్యమధ్యలో ఆగి, బొట్లు బొట్లుగా ఉమ్ముతోంది. ఎందుకట్ట? మామూలు గుడ్డ మాస్క్ చాలా?

నెల్లూరు_రంగులపని:
ఎన్‌సీ థిన్నర్ ఆ మిషన్‌లో పొయ్యొద్దన్నా. రెండు కారణాలు. మోటారు గన్‌లోనే ఉంది కాబట్టి దాని కార్బన్ బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వకీ, నాజిల్ నుంచి లేచే తుంపరకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ఆ థిన్నర్లలో సాధారణంగా ఉండే టోలీన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి రవ్వ తగిలితే అంటుకోవడం మొదలయ్యే వేడి) 4 డిగ్రీలు. అంటే మన దగ్గర చలికాలంలో కూడా దాని ఆవిరి రవ్వ తగిలితే అంటుకుంటుంది. రెండోది, అది పాత ఎనామెల్‌ని కొరికి ఉబ్బిస్తుంది. కొట్టిన కాసేపటికే గేటంతా ముడతలు పడుతుంది. మళ్లీ రేకు దాకా గీకాల్సిందే.

ఎనామెల్‌కి మినరల్ టర్పెంటైన్ కలపాలి. దాంతో కూడా జాగ్రత్త కావాలి. దాని ఫ్లాష్ పాయింట్ సుమారు 35 నుంచి 40 డిగ్రీలు. చల్లటి దేశాల్లో గాలి వేడికీ దానికీ మధ్య చాలినంత తేడా ఉంటుంది. రోహిణి కార్తెలో మన ఒంగోలు, నెల్లూరుల్లో కొన్ని రోజులు మధ్యాహ్నం 42 దాటుతుంది. ఆ వేడిలో డబ్బా మూత తీస్తేనే అంటుకునే ఆవిరి పైకి లేచి ఉంటుంది. మిషన్ పుస్తకంలో ఎంత ఫ్లాష్ పాయింట్ పైన ఉన్న రంగులు వాడొచ్చో రాసి ఉంటుంది. ఆ అంకె ఒక్కో మిషన్‌కి ఒక్కోలా ఉంటుంది, ముందు అది చూడండి. మీ టర్పెంటైన్ ఫ్లాష్ పాయింట్ ఆ అంకె కంటే తక్కువైతే నీళ్లతో కలిపే ఎనామెల్ తీసుకోండి, ఇప్పుడు చాలా షాపుల్లో దొరుకుతోంది. ఎక్కువైతే గేటుని ఆరుబయటే కొట్టండి. షెడ్డులో, వరండాలో, తలుపులు మూసిన గదిలో మాత్రం వద్దు. 20 అడుగుల లోపల పొయ్యి, దీపం, దోమల చుట్ట, బీడీ, మోటారు స్టార్టర్, ఇన్వర్టర్ ఏవీ ఉండకూడదు. కిరసనాయిలు కలిపితే చవకని కొందరంటారు. దానివల్ల రంగు రోజుల తరబడి జిగురుగా ఉండి మెరుపు చచ్చిపోతుంది.

పొద్దున మంచు తడి ఆరాక, ఏడున్నర నుంచి పది లోపల పని ముగించండి. ఎండెక్కిన రేకు మీద అరచెయ్యి ఆన్చి పదంకెలు లెక్కపెట్టలేకపోతే ఆ పూటకి ఆపెయ్యాలి. అంత వేడి రేకు మీద తుంపర పరుచుకోకముందే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి ఎక్కువైతే రంగు మీ గేటు మీద కాక పక్కింటాయన కారు మీద పడుద్ది.

ప్రైమర్ విషయం ఇంకా ముఖ్యం. జింక్ క్రోమేట్‌లో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం, ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెచ్చేది. దాన్ని తుంపరగా కొట్టనే కొట్టొద్దు. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ అడిగి తీసుకోండి. తుప్పు ఉన్న కింది అంచులకి ఏ ప్రైమరైనా బ్రష్‌తోనే వెయ్యండి, మూలల్లోకి రుద్దుకుంటూ పోతేనే పడుతుంది. పాత రంగు 2017 నవంబరు 1కి ముందుదైతే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన ఆ రోజు నుంచే అమల్లోకొచ్చింది. అందుకని పొడిగా గీకకండి. 120 నంబరు వాటర్ పేపర్‌ని తడిపి రుద్దండి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానీకండి, రాలిన పెచ్చులు గుడ్డలో మూటగట్టి పారెయ్యండి.

గీకాక మంచినీళ్లతో గేటంతా కడగాలి. మీది ఉప్పుగాలి ప్రాంతం కాబట్టి ఈ పని వదలొద్దు. కంటికి కనపడని ఉప్పు రంగు కింద ఉండిపోతే, అది తేమని పీల్చుకుని ఏడాది తిరక్కుండానే బొబ్బలు లేస్తాయి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే దాంతో కడిగీ ప్రయోజనం లేదు. పూర్తిగా ఆరగానే, అదే పూట ప్రైమర్ పడాలి.

ఇక కలపడం. ఎనామెల్‌లో ముందు నూటికి పది పాళ్లు టర్పెంటైన్ పోసి, అడుగు నుంచి కలిపి, మిషన్‌తో ఇచ్చిన చిల్లు కప్పు నిండా ముంచి పైకెత్తండి. ధార తెగేదాకా పట్టే సెకన్లు లెక్కపెట్టండి. పుస్తకంలో చెప్పిన దానికంటే ఎక్కువ పడితే ఇంకో ఐదు పాళ్లు పోసి మళ్లీ చూడండి. ఎక్కువ పలచనైతే కారి చారలు పడుతుంది, చిక్కగా ఉంటే నారింజ తొక్కలా వస్తుంది. తర్వాత పాత నైలాన్ మేజోడులో గానీ రంగు జల్లెడలో గానీ తప్పక వడగట్టాలి. తెరిచిన డబ్బాలో మీగడ ఒక్క ముక్క ఉన్నా నాజిల్ మూసుకుంటుంది.

ఎనామెల్‌కి 1.8 నాజిల్, గోడ ఎమల్షన్‌కి 2.5. దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు. చెయ్యి గేటుకి సమాంతరంగా పోవాలి, మణికట్టు తిప్పితే మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా పడుతుంది. గేటు అంచుకి అరడుగు ముందే ట్రిగ్గర్ నొక్కి, అవతలి అంచు దాటాక వదలాలి. ప్రతి పట్టీ ముందు పట్టీ మీద సగం ఎక్కాలి. మొదటి కోటు రేకు ఇంకా కనపడేంత పలచగా చల్లి, పదిహేను నిమిషాలాగి నిండు కోటు కొట్టండి. ఆ పై కోటు మర్నాడే. ముందుగా ఒక అట్ట మీద కొట్టి చూసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

మీ గేటు రెండు వైపులా కలిపి 100 చదరపు అడుగులు. రెండు కోట్లకి, గాలిలో పోయేది కూడా లెక్కేసుకుంటే రెండున్నర లీటర్ల ఎనామెల్ చాలు. గ్రిల్స్‌కి మాత్రం స్ప్రేయర్ వద్దని నా మాట. చువ్వ అర అంగుళం, తుంపర అరడుగు. రంగులో ఎక్కువ భాగం చువ్వల మధ్య నుంచి అవతలికి పోతుంది. అంగుళంన్నర బ్రష్ తీసుకుంటే ఒక్క పూటలో రెండూ అయిపోతాయి.

కావలి_ఎలక్ట్రికల్:
కరెంటు వైపు నుంచి రెండు మాటలు. 600 వాట్లంటే 230 వోల్టుల దగ్గర సుమారు 2.6 ఆంపియర్లు, 6 ఆంపియర్ల సాకెట్ చాలు. కానీ గేటు దాకా లాగే ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 స్క్వేర్ ఎంఎం ఉండాలి. సన్న వైరు వేస్తే వోల్టేజి పడిపోయి మోటారు నీరసంగా తిరుగుతుంది, గాలి తగ్గి బొట్లు లావవుతాయి. రంగు చెడితే అందరూ నాజిల్‌ని తిడతారు, తప్పు చాలాసార్లు వైరుది. చుట్ట వైరైతే మొత్తం విప్పి పరవండి, చుట్టగానే ఉంచితే వేడెక్కి కరుగుద్ది. ఆ లైన్‌కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్చి) లేకపోతే ముందు అది పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ సాకెట్‌ని తడి నేల మీద వదలకుండా ఇటుక మీద పెట్టండి. గేటు కడిగిన రోజున అక్కడ కరెంటు పని పెట్టుకోకపోతే మరీ మంచిది. మూడు పిన్నుల ప్లగ్గు వస్తే ఎర్త్ పిన్ను తియ్యకండి. రెండు పిన్నులే ఉండి, మిషన్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్, దానికి ఎర్త్ అక్కర్లేదు. నాజిల్ విప్పినా, కప్పు తీసినా ముందు ప్లగ్గు పీకాలి.

నీళ్లు ఉమ్మడం గురించి: కప్పు లోపలి గొట్టం వంగి ఉంటుంది చూడండి. గేటు కింది భాగం కొట్టేటప్పుడు దాని మూతి ముందుకి, పైకెత్తి కొట్టేటప్పుడు వెనక్కి తిప్పాలి. లేకపోతే కప్పులో సగం ఉండగానే గాలి పీలుస్తుంది. అది సరిగానే ఉంటే కప్పు రబ్బరు వాషర్, నాజిల్ బిగింపు చూడండి. తర్వాత మోటారు వెనక ఉండే స్పాంజి ఫిల్టరు. దుమ్ము పడితే కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి.

ఒంగోలు_గేటుపని:
చాలా ధన్యవాదాలండీ. జింక్ ఫాస్ఫేటే తెస్తాం. మాస్క్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ప్రహరీ 120 అడుగులుంది. మేస్త్రి ఎయిర్‌లెస్ మిషన్ అద్దెకి తెస్తానంటున్నాడు, అది ఇట్టాంటిదేనా?

సింగరాయకొండ_కాంట్రాక్ట్:
రెండూ వేరు. మీది గాలితో రంగుని చిమ్మేది. ఎయిర్‌లెస్ పంపు రంగునే 200 బార్ దాకా, అంటే దాదాపు 3000 పీఎస్‌ఐ ఒత్తిడితో సన్నటి చిల్లులోంచి తోస్తుంది. అంత పొడవు గోడకి అదే సరైంది, కానీ చేతకానివాళ్ల చేతికి ఇవ్వకూడదు. చిల్లు ముందు వేలు పెడితే రంగు చర్మం చీల్చుకుని కండరంలోకి పోతుంది. పైకి సూది గుచ్చిన చుక్కలా కనపడుద్ది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, లోపల మాత్రం వేలు చచ్చుబడిపోతూ ఉంటుంది. అట్టాంటిది జరిగితే పసుపో, కట్టో కట్టి ఊరుకోకుండా ఆ గంటలోనే సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. అధిక ఒత్తిడితో రంగు లోపలికి ఎక్కిందని చెప్పి, డబ్బా మీది లేబుల్ చూపించాలి. ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి రావచ్చు.

టిప్ మూసుకున్నప్పుడే ఇట్టాంటివి ఎక్కువ జరుగుతాయి. పద్ధతి ఇది: ట్రిగ్గర్ లాక్ వెయ్యి, పంపు ఆపు, ప్రెషర్ మీట సున్నాకి తిప్పు, ప్రైమ్ వాల్వు తెరువు, లాక్ తీసి గన్‌ని బకెట్ అంచుకి ఆనించి నొక్కి మిగిలిన ఒత్తిడి వదులు, మళ్లీ లాక్ వెయ్యి. ఆ తర్వాతే టిప్ మీద చెయ్యి. టిప్ గార్డు తీసేసి కొట్టేవాళ్లని పనిలో పెట్టుకోకండి.

టిప్ మీద 517 అని ఉంటే మొదటి అంకెని రెండింతలు చెయ్యాలి. అడుగు దూరంలో పట్టీ వెడల్పు 10 అంగుళాలు, చిల్లు అంగుళంలో వెయ్యికి 17 వంతులు. గోడ ఎమల్షన్‌కి 515 నుంచి 519, ఫిల్టరు 60 మెష్. తుంపర అంచుల్లో తోకలు పడుతుంటే ఒత్తిడి కొద్దిగా పెంచండి. తోకలు పోయిన చోటే ఆపాలి, ఇంకా పెంచితే రంగు గాలికి పోవడమే. ఒకరు కొడుతుంటే వెనకే ఒకరు రోలర్ తిప్పితే గరుకు గోడ గుంటల్లోకి రంగు బాగా దిగుతుంది.

మాస్క్ సంగతి. గుడ్డ మాస్క్, ఎన్95 రెండూ టర్పెంటైన్ ఆవిరిని ఆపవు. గోధుమరంగు పట్టీ ఉన్న ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్‌లు, వాటి ముందు తుంపర ఆపే ఫిల్టరు ఉన్న సగం ముఖం మాస్క్ కావాలి. గడ్డం ఉంటే అంచు ముఖానికి అంటదు. లోపలికి రంగు వాసన తెలిసిందంటే కాట్రిడ్జ్ అయిపోయినట్టే. వాడనప్పుడు గాలి చొరని సంచిలో పెట్టండి, బయట పడేస్తే ఊరికే అయిపోతుంది. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు ఎట్టాగూ ఉండాలి. గట్టిపడే రసాయనం విడిగా వచ్చే టూకే పాలీయూరిథేన్ రంగులు మాత్రం ఇంట్లో స్ప్రే చెయ్యకండి. ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, వాటివల్ల ఆస్తమా తగులుకుంటే జీవితాంతం ఉండిపోవచ్చు.

నెల్లూరు_రంగులపని:
కడగడం గురించి కూడా చెప్తా, మిషన్లు చెడేది అక్కడే. ఎనామెల్ కొట్టాక టర్పెంటైన్ కప్పులో పోసి గాలిలోకి చిమ్మి కడిగే అలవాటు చాలామందికి ఉంది. వద్దు, అది మొత్తం అంటుకునే తుంపరే. ప్లగ్గు పీకి, నాజిల్, సూది, కప్పు, గొట్టం విడదీసి గిన్నెలో టర్పెంటైన్ పోసి బ్రష్‌తో కడగండి. నాజిల్ చిల్లులో ఇనప తీగ పెట్టకుండా మెత్తటి బ్రష్ వెంట్రుక వాడండి, గీత పడితే తుంపర ఎప్పటికీ వంకరే. గన్ వెనక భాగాన్ని నీళ్లలో ముంచకూడదు.

తుడిచిన గుడ్డల్ని కుప్పగా వెయ్యకండి. ఎనామెల్‌లోని నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, కుప్పలో ఆ వేడికి దారి ఉండక ఈ ఎండలకి దానంతటదే అంటుకోవచ్చు. ఒక్కొక్కటిగా విప్పి ఆరుబయట తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్యండి. లేదంటే నీళ్ల బకెట్లో ముంచి మూత పెట్టండి. బిగించేటప్పుడు రబ్బరు వాషర్లకి కాస్త వ్యాజిలిన్ రాస్తే మళ్లీసారి సులువుగా విడిపోతాయి.