అప్‌డేట్: మా 'పులుసు' లోగో సెట్ అయింది

పోయిన నెల అడిగాను కదా, నెల్లూరు ట్రంక్ రోడ్డు దగ్గర మా నాన్న పెట్టే చేపల పులుసు పార్శిల్ పాయింట్‌కి లోగో, దాంట్లో చేప, దాక, మంట అన్నీ ఇరికించాను, ఏదో పోస్టర్‌లా ఉందని. బొమ్మలన్నీ తీసేయ్, అక్షరాలతోనే చెయ్ అన్నారు మీరు. అదే చేశా. 'పులుసు'లో వరసగా మూడు కొమ్ములున్నాయని అప్పటిదాకా నాకే తట్టలేదు! రామభద్ర ఫాంట్‌లో టైప్ చేసి, ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత్‌గా (అంటే ఫాంట్ అవసరం లేని గీతలుగా) మార్చి, చివరి 'సు' కొమ్ము ఒక్కదాన్నే సాగదీసి చేప తోకలా చీల్చాను, మొదట మూడూ చీల్చా గానీ చదవడానికే రాలేదు. రంగు ఒక్కటే, ఎండుమిరపకాయ ఎరుపు. వాట్సాప్ డీపీ సైజులో తోక సన్నగా పోతోందని కాస్త లావు చేశా.

ఫ్లెక్స్ షాపులో మాత్రం దెబ్బ పడింది, టైప్ చేసిన పాత ఫైల్ పంపేశా, వాళ్ల సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేక కొమ్ములు ఎక్కడివక్కడ ఊడి పక్కన పడ్డాయి, ఆరొందలు బొక్క. తర్వాత పాత్ చేసిన పీడీఎఫ్ ఇస్తే సరిగ్గా వచ్చింది.

నాన్న బోర్డు చూసి "ఏంది అబ్బయా, చేప బొమ్మేది?" అన్నాడు. తోక చూపించా. ఇప్పుడు వచ్చినోళ్లందరికీ ఆయనే చూపిస్తున్నాడు.