పెయింట్ వేయకుండా డోర్ సొట్ట తీయించవచ్చా?

వెన్నెల_డ్రైవ్:
అందరికీ నమస్కారం. పార్కింగ్‌లో పక్క కారువాళ్లు డోర్ గట్టిగా తీసినట్టున్నారు, నా కారు వెనక ఎడమ డోర్ మీద సొట్ట పడింది. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, అంతే. ఎదురుగా నిలబడితే కనపడదు కానీ పక్కనుంచి వెలుతురు పడితే చూపంతా దానిమీదికే పోతోంది. గోరుతో గీరి చూశాను, పెయింట్ ఎక్కడా లేచినట్టు లేదు. టింకరింగ్ చేసేవాళ్లను అడిగితే సొట్ట కొట్టి, లప్పం పెట్టి, డోర్ మొత్తానికి పెయింట్ వేయాలన్నారు. ఈ కారుకి ఇప్పటివరకు ఒక్కచోట కూడా పెయింట్ పడలేదు, అందుకే మనసొప్పడం లేదు. పెయింట్ జోలికి పోకుండా తీసే పద్ధతి ఉందట, పీడీఆర్ అంటున్నారు, అది నిజంగా పనిచేస్తుందా? కొన్నాళ్లకి సొట్ట మళ్లీ లోపలికి పోతుందా? హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి వెంటనే చల్లటి స్ప్రే కొడితే దానంతటదే బయటికొస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు, అది ఇంట్లో చేసి చూడొచ్చా?

రేకుపని:
డ్రయర్ పని పెట్టుకోకండి. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. డోర్ రేకు మందం 0.7 మిల్లీమీటర్లకి అటూఇటూగా ఉంటుంది. దెబ్బ తగిలినచోట అది లోపలికి పోవడమే కాదు, మధ్యలో కొంచెం సాగుతుంది, సొట్ట చుట్టూ సన్నటి గట్టులాగా పైకి లేస్తుంది. వేడి, చలి ఆ సాగిన రేకుని వెనక్కి తేలేవు. వెడల్పుగా, మెత్తగా పడిన సొట్ట ఒక్కోసారి టప్పుమని బయటికొస్తుంది, వీడియోల్లో చూపించేవి ఎక్కువగా అలాంటివే. మీది చిన్నది, ఒక్కచోట దిగింది, అలా రాదు. పైగా వేడెక్కిన పెయింట్ మీద ఒక్కసారిగా అంత చలి తగిలితే పెయింటే పాడవ్వొచ్చు.

పీడీఆర్‌లో చేసేదేంటంటే, అద్దం దిగే సందులోంచో, డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు ఉండే కవర్) తీసో పొడవాటి స్టీల్ రాడ్డు లోపలికి పంపి, సొట్ట వెనక నుంచి నెమ్మదిగా తోస్తాం. బయట చారల లైటు ఒకటి పెట్టుకుంటాం. ఆ చారలు రేకు మీద పడినప్పుడు మంచిచోట తిన్నగా ఉంటాయి, సొట్ట దగ్గరికొచ్చేసరికి వంకరపోయి ఒకదానికొకటి దగ్గరపడతాయి. చూపు ఆ చార మీదే పెట్టి తోస్తుంటే, ఒక్కో తోపుకి ఆవగింజంత చొప్పున అది విచ్చుకుంటూ తిన్నగా అవుతుంది. ఒక్కసారే గట్టిగా తోశారో, బయటికి మొటిమలాగా పొడుచుకొస్తుంది, అప్పుడు దాన్ని దించడం ఇంకో పని. చుట్టూ లేచిన గట్టుని పైనుంచి ప్లాస్టిక్ మొనతో చిన్నగా తట్టి దించాలి. అది దించకుండా మధ్యలో ఎంత తోసినా రేకు సరిగ్గా కూర్చోదు, కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సరిగ్గా తీస్తే మళ్లీ దెబ్బ తగిలితే తప్ప సొట్ట తిరిగిరాదు.

సైజు చూసి భయపడక్కర్లేదు. అరచేయంత వెడల్పుగా ఉన్నా, మెత్తగా దిగిందైతే తీసేస్తాం. గోరంతదైనా కత్తి మొనలాగా లోతుగా దిగితే, డోర్ అంచు మీద పడితే, పెయింట్ పగిలితే కష్టం. పెయింట్ పగిలినచోట పీడీఆర్ చేసినా లాభం లేదు, ఆ పగులులోంచి తుప్పు మొదలవుతుంది. మీ సొట్ట ఎక్కడుంది, డోర్ రేకులో మడతలాగా అచ్చు గీత ఉంటుంది కదా, సరిగ్గా దాని మీదా, దానికి దూరంగానా?

వెన్నెల_డ్రైవ్:
చాలా థాంక్సండీ. గీతకి రెండు వేళ్ల కింద ఉంది, అంచుకి దూరమే. మొనలాగా లేదు, గిన్నె అడుగులాగా ఉంది.

పాతకారు:
సోదరా, మీది కంపెనీ పెయింటే అంటున్నారు కాబట్టి సగం టెన్షన్ లేనట్టే. నాకు జరిగింది చెప్తాను. సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నాను, ముందు ఫెండర్ (చక్రం మీద ఉండే రేకు) మీద సొట్ట ఉంటే, వెనక నుంచి రాడ్డు అందడం లేదని జిగురు పద్ధతిలో లాగారు. అంటే వేడి జిగురుతో సొట్ట మీద ప్లాస్టిక్ బిళ్ల అంటించి, ఆరాక దాన్ని పట్టుకుని బయటికి లాగడం. రెండోసారి లాగేసరికి బిళ్లతోపాటు అరచేయంత పెయింట్ పెచ్చు ఊడొచ్చింది, కింద లప్పం కనపడింది! అంతకుముందు ఓనర్ అక్కడ పని చేయించి చెప్పలేదు. చేసినవాళ్లూ ముందుగా చూడలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. ఫ్యాక్టరీలో ఉత్త బాడీకి పెయింట్ వేసి 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, బయట వేసేటప్పుడు కారులో ప్లాస్టిక్, వైర్లు అన్నీ ఉంటాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు, దానికి అంత పట్టు ఉండదు. అందుకే ఎవరైనా సరే, జిగురుతో లాగించే ముందు పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టించండి. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, దానికి రెండు మూడు రెట్లు చూపిస్తే అక్కడ ముందే పని జరిగిందని అర్థం.

నీలిబంపర్:
మరి బంపర్ సొట్టకి వేడినీళ్లు పోస్తే వస్తుందంటారు, అదీ అబద్ధమేనా? నాది వెనక బంపర్.

రేకుపని:
అది నిజమే, బంపర్ ప్లాస్టిక్ కదా. వేడికి మెత్తబడుతుంది, లోపల నుంచి చేత్తో తోస్తే చాలావరకు వస్తుంది. చేతులకి గ్లౌజులు వేసుకోండి. మడత పడినచోట మాత్రం గీత మిగులుతుంది.

వెన్నెల గారూ, మీ సొట్ట పీడీఆర్‌కి సరిగ్గా సరిపోతుంది. రెండు విషయాలు చూసుకోండి. డోర్ లోపల అడ్డంగా ఒక గట్టి స్టీల్ బీమ్ ఉంటుంది, పక్కనుంచి గుద్దినప్పుడు మనల్ని కాపాడేది అదే. సొట్ట సరిగ్గా ఆ బీమ్ ఉన్నచోట పడితే రాడ్డు దూరదు, అప్పుడు జిగురుతో లాగాల్సిందే. ఇంకోటి, రాడ్డు పోవడానికి డోర్ లోపలి రేకుకి కన్నం పెడతామంటే ఒప్పుకోకండి. ఆ కన్నానికి రబ్బరు మూత పెట్టినా అంచున పచ్చి రేకు ఉంటుంది, తేమ తగిలి తుప్పు పడుతుంది. అద్దం సందు, లాక్ దగ్గరి ఖాళీ, కంపెనీ వదిలిన కన్నాలు, వీటితోనే దారి దొరుకుతుంది, ఓపిక కావాలి. చలిగా ఉన్న రోజైతే పని మొదలుపెట్టే ముందు రేకుని గోరువెచ్చగా చేయమనండి, చల్లటి పెయింట్ పెళుసుగా ఉంటుంది. వేడి వాడాల్సింది దీనికి, సొట్ట దానంతటదే వస్తుందని కాదు.

వెన్నెల_డ్రైవ్:
చేయించాను. గంటన్నర పట్టింది, పక్కనే నిలబడి చూశాను, చారలు తిన్నగా అవుతుంటే నమ్మబుద్ధి కాలేదు. అయ్యాక ఎండలోకి తెచ్చి కళ్లు మూసుకుని వేళ్లతో తడిమితే ఒకచోట చిన్న ఎత్తు తగిలింది, చెప్పగానే మళ్లీ లైటు పెట్టి దించారు. ఇప్పుడు డోర్ మీద ఎటునుంచి చూసినా ఏమీ లేదు. ఒక్క సంగతి మాత్రం ముందే అడగాల్సింది, డోర్ ప్యాడ్ తీసేటప్పుడు క్లిప్పు ఒకటి విరిగింది, ఇంటికొచ్చాక డోర్ వేసినప్పుడల్లా లోపల కటకటమంటుంటే తెలిసింది. కొత్త క్లిప్పు పెట్టాక పోయింది. ప్యాడ్ తీయించుకునేవాళ్లు అక్కడే రెండుసార్లు డోర్ వేసి విని రండి.