ఇంగ్లండ్ రాజు ఏడవ హెన్రీ సింహాసనాన్ని ఎలా నిలబెట్టుకున్నాడు?

ప్రశ్న (కడప, డిగ్రీ విద్యార్థిని): 1485 ఆగస్టు 22న బాస్వర్త్ యుద్ధంలో అప్పటి రాజు మూడవ రిచర్డ్ మరణించాడని, హెన్రీ ట్యూడర్ ఏడవ హెన్రీగా రాజయ్యాడని మా పాఠంలో రెండే వాక్యాలున్నాయి. వారసత్వ హక్కు అంత బలహీనమైనవాడు 1509లో చనిపోయేదాకా ఎలా నిలిచాడు?

జవాబు (అనంతపురం, విశ్రాంత అధ్యాపకుడు): మంచి ప్రశ్న తల్లీ. తన పాలన యుద్ధానికి ముందురోజే మొదలైందని ప్రకటించాడు! దాంతో రిచర్డ్ పక్షాన పోరాడినవారు రాజద్రోహులయ్యారు. రిచర్డ్ పుట్టిన యార్క్ రాజవంశపు ఎలిజబెత్‌ను 1486 జనవరిలో పెళ్ళాడాడు. పట్టాభిషేకం మాత్రం అంతకుముందే జరిపించుకున్నాడు. కిరీటం భార్య వల్ల వచ్చిందని ఎవరూ అనకూడదు కదా. అదే 1485లో మన సాళువ నరసింహుడు విజయనగర సింహాసనం ఎక్కాడు. ఆ వంశం ఇరవై ఏళ్ళకే ముగిసింది. పెనుకొండ వెళ్ళినప్పుడల్లా నాకు ఈ పోలికే గుర్తొస్తుంది.

జవాబు (కర్నూలు): ప్రభువులతో పూచీకత్తు పత్రాలు కూడా రాయించుకున్నాడు. విధేయత తప్పితే భారీ సొమ్ము కట్టాలి. మా తాత రాసిచ్చిన ప్రామిసరీ నోటు షావుకారు పెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఆయన అతని ముందు తలెత్తలేదు. ఆ పద్ధతిని నేను మెచ్చుకోలేను.

ప్రశ్న అడిగినవారు: మరి రాజవంశీకుడినని చెప్పుకుని సింహాసనానికి పోటీగా నిలిచి 1487లో పట్టుబడిన లాంబర్ట్ సిమ్నెల్‌ను ఎందుకు చంపలేదు సార్?

అనంతపురం: వాడు చిన్న పిల్లవాడమ్మా, పెద్దల చేతిలో పావు. వంటశాలలో పనికి పెట్టాడు. అలాగే రాజవంశీకుడినని చెప్పుకున్న పెర్కిన్ వార్బెక్‌ను మాత్రం 1499లో ఉరితీయించాడు.