సెకండ్‌హ్యాండ్ వెండి సర్వింగ్ డిష్‌లు నల్లగా ఉన్నాయి, ఎలా తోమాలి? (చెన్నై)

మాంబళం_మనిషి అడిగారు:

నమస్కారమండి. పాత ఇంటి సామాను అమ్ముతుంటే మూడు వస్తువులు కొన్నాను. ఒకటి మూత ఉన్న కోల డిష్. అడుగున ఈ.పీ.ఎన్.ఎస్., ఏ1 అని గుద్ది ఉంది. మూత మీది పిడి తిప్పితే ఊడి వస్తుంది. రెండోది చుట్టూ దేవుళ్ళ బొమ్మలు చెక్కిన గుండ్రటి గిన్నె. బరువు 638 గ్రాములు, ముద్ర కనపడలేదు. మూడోది పెద్ద ట్రే. దానికీ ముద్ర లేదు, అంచుల్లో రాగి ఎరుపు తొంగి చూస్తోంది. మూడూ నల్లబడి ఉన్నాయి, కొన్నిచోట్ల ఊదా రంగు తిరిగింది. కోల డిష్‌ని చింతపండుతో తోమితే ఏమీ వదల్లేదు. పీతాంబరి వేయనా? ఫాయిల్, వంటసోడా పద్ధతి మూడింటికీ పనికొస్తుందా? షావుకారుపేటలో మళ్ళీ పూత వేయించేయమని కొందరంటున్నారు. వీటిలో వడ్డించాలనే కొన్నాను.

ల్యాబ్‌కోటు:

పీతాంబరి వద్దండి, అది రాగికీ ఇత్తడికీ చేసిన పొడి. ఇత్తడి మీద పట్టేది ఎక్కువగా ఆక్సైడు, అది పులుపుకి కరుగుతుంది. వెండి మీది నలుపు సల్ఫైడు. గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడు వల్ల వస్తుంది. చింతపండు దాన్ని కదిలించలేదు. మీకు ఏమీ వదలకపోవడానికి కారణం అదే, మీరు తోమడంలో లోపం కాదు.

మీ మూడు వస్తువులూ మూడు జాతులు. ఈ.పీ.ఎన్.ఎస్. అంటే మనం జర్మన్ సిల్వర్ అనే లోహం మీద కరెంటుతో వేసిన వెండి పూత. జర్మన్ సిల్వర్‌లో ఉండేది రాగి, నికెల్, జింకు, వెండి చుక్క కూడా ఉండదు. ఏ1 అన్నది పూత మందం గురించి తయారీదారు చెప్పుకున్న మాట, హాల్‌మార్క్ కాదు. పైన ఉన్న కాస్త పూతే మీ ఆస్తి అనుకుని పని మొదలుపెట్టండి.

కోల డిష్ సంగతి. పిడి తీసేయండి (పిడి తీసి మూతని తిరగేస్తే అదే రెండో డిష్ అవుతుంది, అందుకే అలా చేసేవారు). పిడి బోలుగా ఉంటుంది, నీళ్ళు లోపలికి పోతే బయటికి రావు కాబట్టి దాన్ని ముంచొద్దు. మిగతాది గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల విమ్ లిక్విడ్ వేసి కడగండి. జిడ్డు ఉంటే తరవాత పని చారలు చారలుగా వస్తుంది.

ప్లాస్టిక్ టబ్బులో అడుగున, పక్కల ఫాయిల్ పరవండి. లీటరు నీళ్ళకి 60 గ్రాముల వంటసోడా, అంటే తలకొట్టి కొలిచిన సుమారు నాలుగు టేబుల్ స్పూన్లు. నీళ్ళు కాగనక్కర్లేదు, పొగలు వస్తే చాలు, 70 డిగ్రీల ప్రాంతంలో. డిష్ ఫాయిల్‌కి తగిలి ఉండాలి, తగలకపోతే ఏమీ జరగదు. పనిచేసేది సోడా కాదు, అల్యూమినియం. అది సల్ఫైడులోంచి వెండిని తిరిగి వెండిగా మారుస్తుంది, గంధకం విడిపోతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే పని నడుస్తోందన్నమాట, కిటికీ తెరవండి. రెండు నిమిషాలకి తీసి చూడండి, చాలకపోతే ఇంకో రెండు. రాత్రంతా నానబెట్టే పని కాదు. ఫాయిల్ మసకబారితే కొత్తది వేయండి.

బయటికి తీశాక డిష్ సున్నం కొట్టినట్టు తెల్లగా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే బెంబేలెత్తి స్కాచ్‌బ్రైట్ పట్టుకుంటారు. తిరిగి వచ్చిన వెండి సన్నని రేణువులుగా కూర్చుంది, వెలుతురు చెదురుతోంది, అంతే. ప్రెసిపిటేటెడ్ కాల్షియం కార్బొనేట్, అంటే మెత్తటి సుద్ద పొడి (ప్యారీస్ కార్నర్ వైపు ల్యాబ్ కెమికల్స్ షాపుల్లో అడగండి) రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు, గట్టి పెరుగులా కలిపి, దూదితో ఒకే దిశలో మెల్లగా తుడవండి. దూది నల్లబడగానే పారేసి కొత్తది తీసుకోండి. అదే దూది తిప్పితిప్పి వాడితే గీతలు పడతాయి. బడి చాక్‌పీసులు పొడి చేసి వాడకండి, అందులో ఎక్కువగా ఉండేది జిప్సం, ఇసుక నలుసులు కూడా తగులుతాయి.

చివరి కడుగుడు బోరు నీళ్ళతో వద్దు. మన బోర్లలో ఉప్పు ఎక్కువ, మచ్చలు పడతాయి. క్యాన్ నీళ్ళు వాడండి, ఇంకా మంచిది బైకు షాపుల్లో దొరికే బ్యాటరీ నీళ్ళు. వెంటనే తుడిచి, అతుకుల దగ్గర హెయిర్ డ్రయర్‌తో చల్లగాలి పెట్టండి.

విభూతి_ప్రసాదు:

ఇంత తతంగం దేనికండీ, మా ఇళ్ళలో వెండికి విభూతే. లేకపోతే టూత్‌పేస్టు, పాత బ్రష్షు. అయిదు నిమిషాల పని.

నకాషీ:

ప్రసాదు గారూ, కుందులకీ ఉగ్గుగిన్నెకీ విభూతి చాలాకాలం చెల్లింది, ఎందుకంటే అవి నిండు వెండి, అరిగినా కింద వెండే. పూత వస్తువుకి అలా కాదు. పైగా ఇప్పటి ప్యాకెట్ విభూతిలో ఏం కలుపుతున్నారో వేళ్ళకి తెలీదు. టూత్‌పేస్టు అయితే గీతలు ఖాయం, వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను: నలుపు లేని వారపు కడుగుడుకి కుంకుడు రసాన్ని మించింది లేదు.

మాంబళం గారూ, ఆ దేవుళ్ళ గిన్నెని మాత్రం ఫాయిల్ టబ్బులో వేయకండి. వర్ణన వింటే స్వామి పని (దేవుళ్ళ బొమ్మలు చెక్కే మద్రాసు వెండి పని) లాగుంది. 19వ శతాబ్దంలో మద్రాసులో ఇవి విరివిగా తయారయ్యేవి, పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళవి బాగా పేరున్నవి. అప్పట్లో ఇక్కడ ఇంగ్లండులోలా ప్రభుత్వ హాల్‌మార్క్ లేదు, కాబట్టి ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. బొమ్మల మధ్య గాళ్ళలో ఉన్న నలుపే విగ్రహాన్ని పైకి లేపి చూపిస్తుంది. టబ్బులో ముంచితే అది మొత్తం పోయి, నందికీ మబ్బుకీ తేడా తెలీకుండా అంతా ఒకే తెలుపవుతుంది. ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం సుద్ద ముద్దతో దూది ఆడించండి, గాళ్ళ జోలికి పోకండి. ముద్ద గాళ్ళలో ఎండితే తెల్లగా కనిపిస్తుంది, మేకవెంట్రుకల మెత్తటి బ్రష్షుతో తడిగా ఉండగానే తీసేయండి.

నిండు వెండేనా కాదా అని గీకి చూడకండి. కిచెన్ తూనిక మీద గిన్నె పట్టేంత టబ్బులో నీళ్ళు పోసి పెట్టి, తూనికని సున్నా చేయండి. గిన్నెని నైలాన్ దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకీ పక్కలకీ తగలకుండా, గాలిబుడగలు లేకుండా వేలాడదీయండి. తూనిక ఎంత చూపిస్తే గిన్నె ఘనపరిమాణం అన్ని సీసీలు. 638ని దాంతో భాగించండి. 62 చూపిస్తే 10.3 వస్తుంది, మంచి వెండి. 73 చూపిస్తే 8.7, జర్మన్ సిల్వర్. అంచు మడిచి లోపల బోలుగా ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

మాంబళం_మనిషి:

ఇద్దరికీ చాలా థాంక్సండి. గిన్నెకి 63 చూపించింది, అంటే 10.1. కోల డిష్ నలుపు పోయింది, కానీ మూత మీద ఎత్తుగా ఉన్న తీగల పనిలో పసుపు-బూడిద మరక మిగిలింది. ఎంత రుద్దినా పోవట్లేదు. ట్రే ఇంకా ముట్టుకోలేదు.

నకాషీ:

10.1 అంటే వెండే. 92.5 శాతం కంటే తక్కువ నాణ్యం కావచ్చు, లేదా మీ తూనికలో ఒక గ్రాము అటూ ఇటూ. ఆ మూత మీద ఇక రుద్దకండి! అది మరక కాదు, పూత అరిగి బయటపడ్డ జర్మన్ సిల్వర్. రుద్దిన కొద్దీ పెరుగుతుంది.

ట్రే అంచుని అడుగు వైపు నించి గోటితో తడమండి. సన్నని వెండి తీగ అతికినట్టో, రేకు మడిచినట్టో గోటికి తగిలితే అది షెఫీల్డ్ ప్లేట్ కావచ్చు. కరెంటు పూత రాకముందు రాగి మీద వెండి రేకుని వేడికి అతికించే పద్ధతి, 1740లలో మొదలైంది. రాగి అంచు కనపడకుండా అలా మూసేవారు. అలాంటిదైతే మళ్ళీ పూత వేయించొద్దు, ఆ రాగి ఛాయే దాని వయసుకి సాక్ష్యం, పూత పడగానే విలువ పోతుంది. అంచు సాదాగా ఉంటే రాగి మీద కరెంటు పూత, వేయించినా నష్టం లేదు.

కోల డిష్‌కి వేయించాలనుకుంటే షాపులో మైక్రాన్ల లెక్క అడగండి. నగలకి వేసే ఫ్లాష్ పూత ఒక మైక్రాన్ కూడా ఉండదు, వడ్డనకి కొన్ని నెలల్లో పోతుంది. 20 మైక్రాన్లకి తగ్గకుండా చేయమనండి. ముందు సొట్టలు తీయించి, తీగల పని మీద బఫ్ చక్రం పెట్టొద్దని నోటితో కాదు, బిల్లు మీద రాయించండి. ఇంట్లో ప్లేటింగ్ ప్రయత్నం వద్దే వద్దు, ఆ తొట్లలో వాడేది సాధారణంగా సైనైడ్.

ల్యాబ్‌కోటు:

వడ్డన గురించి ఒక మాట. పూత పోయిన చోట సాంబారు, పులిహోర, నిమ్మకాయ పచ్చడి తగలకూడదు. పులుపుకి రాగి, నికెల్ కూరలోకి దిగుతాయి. మళ్ళీ పూత వేయించేదాకా లోపల గాజు గిన్నె పెట్టి వడ్డించండి, లేదా ఎండు పళ్ళు, స్వీట్లు పెట్టండి. నిండు వెండి గిన్నెలో కూడా ఉప్పు ఉన్నదేదీ రాత్రంతా ఉంచొద్దు, క్లోరైడుతో గుంటలు పడతాయి, వాటిని ఏ పాలిషూ పూడ్చలేదు. కోడిగుడ్డు కూర కూడా వద్దు, అందులోని గంధకంతో వెండి నల్లబడుతుంది.

దాచేటప్పుడు ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, జిప్ కవరులో సిలికా జెల్ పొట్లం వేసి మూయండి. న్యూస్‌పేపర్, ఉన్ని, వెల్వెట్ పెట్టె వద్దు. కవరు మూతికి రబ్బరు బ్యాండ్ అసలే వద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, కవరు పైనుంచి కూడా నల్లటి గీత దిగుతుంది. తోమేటప్పుడు గ్లోవ్స్ వేసుకుంటే నైట్రైల్‌వి తీసుకోండి, రబ్బరువి కాదు, ఇదే కారణం.